ఒకరినొకరు తీసుకున్న సినిమా

ఫోనుతోనే సినిమాలు తీసేస్తున్న అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నా పాత కెమెరా చేతిలోకి తీసుకుని, ఇంత బరువు ఎలా మోశారండీ అని ఆశ్చర్యపోతారు. చివరికి అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "మీరు తీసినవాటిలో మీకు బాగా నచ్చిన సినిమా ఏదండీ?"

నాకు బాగా నచ్చిన సినిమా నేను తియ్యలేదు. కెమెరా నాది, ఫిల్ము నాది, ఉద్యోగం పోయే ప్రమాదం కూడా నాదే. తీసింది మాత్రం వేరేవాళ్ళు. ఆ సంగతి చెప్తాను.

మా నాన్నకి బందరులో ఫోటో స్టూడియో ఉండేది. డార్క్‌రూము చీకట్లో ఆడుకుంటూ పెరిగిన పిల్లని. మద్రాసులో చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీసే ఒక కంపెనీలో ఫిల్ము ముక్కలు అతికే పనికి చేరి, కెమెరా అసిస్టెంటునై, అరవైల్లోకి వచ్చేసరికి నేనే కెమెరా పట్టే దాకా వచ్చాను. ఆ రోజుల్లో ఆడవాళ్ళు కెమెరా ముందు నిలబడేవాళ్ళు గానీ వెనక నిలబడేవాళ్ళు కాదు. నేను నిలబడ్డాను. పని బాగా చేసేదాన్ని. ఈ వయసులో వినయం నటించి ప్రయోజనం లేదు. మనిషి కుర్చీలోంచి లేవబోతున్నాడని వాడికన్నా ముందు నాకు తెలిసేది.

మా డైరెక్టరుగారు ఖద్దరు కట్టే మనిషి. "డాక్యుమెంటరీ అంటే నిజం. నటన కావాలంటే కోడంబాకం స్టూడియోలున్నాయి, వెళ్ళండి" అని రోజుకోసారైనా అనేవారు. పల్లెల్లో పనిచేసే నర్సు మీద ప్రభుత్వం వాళ్ళకి ఒక చిన్న సినిమా తీసిపెట్టే పని ఆయనకి వచ్చింది. పడవలెక్కి కృష్ణ మధ్యలో ఉండే లంకల్లోకి వెళ్ళి పురుళ్ళు పోసే నర్సు ఒకావిడ దివిసీమలో ఉందని ఎవరో చెప్పారు. ఆయన రెండు రోజులు వచ్చి, ఏమేం తియ్యాలో చెప్పి, ఇంకో పని మీద మద్రాసు వెళ్ళిపోయారు. "నువ్వు బందరు పిల్లవి. అక్కడి బస్సులూ నీకు తెలుసు, అక్కడి మనుషులూ నీకు తెలుసు. మిగతాది చూసుకో" అన్నారు.

మిగిలింది నేనూ, మా సౌండ్ ఆయనా. పెద్దాయన. నన్ను అమ్మడూ అనేవారు, నేను ఆయన్ని మావయ్యగారూ అనేదాన్ని. అవనిగడ్డలో ఆయనకి ప్రయాణికుల బంగళాలో గది దొరికింది. ఒంటరి ఆడపిల్లకి గది ఇవ్వడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఆ మాట విని నర్సు గారు ఒక్క కేక వేసింది.

"గదెందుకు? మా ఇంట్లో ఉంటుంది. అమ్మాయ్, పెట్టె తీసుకుని రా."

ఊళ్ళో అందరూ ఆమెని సిస్టరమ్మ అనేవాళ్ళు. గుడివాడ పక్క పల్లెలో పుట్టిన క్రైస్తవుల పిల్ల. బందరు మిషను ఆసుపత్రిలో నర్సు చదువు చదివింది. మనిషి పొడగరి, గొంతు ఇంకా పెద్దది. పడవవాడు ఆలస్యం చేస్తే రేవు అవతలి ఒడ్డుకి వినపడేలా తిట్టేది. ఆ ఇంట్లో ఆమెతో పాటు హైస్కూలు పంతులమ్మ ఒకావిడ ఉండేది. గుడివాడలో బడిపంతుళ్ళూ గుమస్తాలూ ఉన్న బ్రాహ్మల ఇంటి పిల్ల. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక పరీక్షకి కట్టి, తప్పించుకుని, చివరికి ఉద్యోగం వచ్చి అవనిగడ్డలో పడింది. సన్నగా, నెమ్మదిగా ఉండేది. ఒక మాట అనే ముందు దాన్ని లోపలే ఒకసారి దిద్దుకునేదేమో అనిపించేది.

రెండు గదుల పెంకుటిల్లు. వంటింట్లో ఒక పొయ్యి, పెరట్లో ఇంకో పొయ్యి. పెరటి పొయ్యి మీద సిస్టరమ్మ చేపల పులుసు పెట్టుకునేది. పంతులమ్మ చేప ముట్టదు గానీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ పొయ్యి ఊదిపెట్టేది. సిస్టరమ్మ ఆదివారం చర్చికి వెళ్ళేది. పంతులమ్మ మోపిదేవి గుడికి వెళ్ళిన రోజు సిస్టరమ్మ కూడా బస్సెక్కేది. దర్శనం అయ్యేదాకా సోడా కొట్టు బల్ల మీద కూర్చుని, వచ్చే పోయే పిల్లల గజ్జి చూసి తల్లులకి మందు చెప్పేది.

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సాయంత్రం పంతులమ్మ బడి నుంచి వచ్చి, గడపలో నిలబడి, చెప్పులు విప్పకుండా ఇల్లంతా ఒకసారి కళ్ళతో వెతికేది. సిస్టరమ్మ కనపడ్డాక అప్పుడు చెప్పులు విప్పేది. నేను చూడటమే వృత్తిగా పెట్టుకున్న దాన్ని. వారం తిరక్కుండానే అర్థమైంది. వాళ్ళిద్దరిదీ కాపురం. మీకిప్పుడు దానికి మాటలున్నాయి, పుస్తకాలున్నాయి. మాకు అప్పుడు మర్యాదైన మాట ఒక్కటి లేదు. అందుకని నేను కూడా ఏ మాటా అనకుండా, వాళ్ళు పెట్టింది తిని, వాళ్ళు వేసిన చాప మీద పడుకుని, పని చేసుకుంటూ ఉన్నాను. నాకు కనపడుతోందని వాళ్ళకీ తెలిసింది. ఎవరూ గొంతు తగ్గించలేదు.

పని పూర్తి కావస్తున్న రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం సిస్టరమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది.

"అమ్మాయ్, నీ దగ్గర ఇంకా ఫిల్ము ఉందా?"

ఉంది. రీలు చివర మిగిలే ముక్కలు కెమెరా పట్టినవాళ్ళవే అని మా కంపెనీలో ఆనవాయితీ. అవి దాచుకునేదాన్ని. ఎందుకండీ అని అడిగాను.

"లంకల్లో ఏ గుడిసెకెళ్ళినా గోడకి మొగుడూ పెళ్ళాం ఫోటో ఉంటుంది. మాకు లేదు."

"ఫోటో అయితే ఇప్పుడే తీస్తానండీ. ఇద్దరూ నిలబడండి."

వంటింటి గుమ్మంలోంచి పంతులమ్మ అంది: "పక్కపక్కన నిలబడితే స్నేహితురాళ్ళు అంటారు. స్కూల్లో ఫేర్‌వెల్ ఫోటోలా ఉంటుంది. అది కాదు."

"మరేం తియ్యమంటారు?"

"మేం ఎలా ఉంటున్నామో తియ్యి. కానీ నా మొహం పడకూడదు" అంది.

"మొహం లేకపోతే ఇంకెందుకే!" అని సిస్టరమ్మ లేచింది. అక్కడ మొదలైంది పోట్లాట. ఒకావిడకి ఉద్యోగం భయం, గుడివాడ వాళ్ళ భయం. రెండో ఆవిడకి, ముఖాలు దాచుకుంటే తప్పు చేసినవాళ్ళలా ఉంటుందని కోపం. నేను మధ్యలో కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి పంతులమ్మే ఒక దారి చెప్పింది. ఆమె గొంతు నాకిప్పటికీ వినపడుతుంది.

"వేరేవాళ్ళు చూస్తుంటే నాకు మొహం పెట్టడం రాదు. నువ్వు చూస్తే వస్తుంది. నన్ను నువ్వు తియ్యి. నిన్ను నేను తీస్తాను."

నా చేతిలోంచి కెమెరా వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. గడియారానికి ఇచ్చినట్టు పక్కన కీ ఇచ్చి తిప్పే కెమెరా అది. ఒకసారి కీ ఇస్తే అర నిమిషం కూడా నడవదు, ఆగిపోతుంది. మళ్ళీ కీ ఇవ్వాలి. మాట రికార్డు కాదు, దానికి వేరే యంత్రం కావాలి. నేను లెన్సు సరిచేసి ఇచ్చేదాన్ని, ఎక్కడ నొక్కాలో చూపించేదాన్ని. అంతవరకే నా పని.

సిస్టరమ్మ మొదట తీసింది వెనక నుంచి పంతులమ్మ మెడ, ఒక చెవి, ముడిలోంచి జారిన వెంట్రుకలు. తల సగం కోసేసింది. నేను ఆగలేక, "తల పైన కాస్త చోటు వదలాలండీ" అన్నాను.

"ఆవిడ వంట చేస్తుంటే వెనక నుంచొని మాట్లాడతాను. నాకు కనపడేది ఇదే" అంది.

ఆ తర్వాత నేను నోరు మూసుకున్నాను.

పంతులమ్మ తీసినవి వేరే రకం. రాత్రంతా లంకలో పురుడు పోసి వచ్చి, పొద్దెక్కాక మంచం మీద వాలిపోయిన సిస్టరమ్మని తీసింది. కీ అయిపోతే మళ్ళీ ఇచ్చి, మళ్ళీ అదే చోటి నుంచి, అదే మనిషిని. ఏమీ జరగదు. ఈగ వాలుతుంది. చెయ్యి దాన్ని తోలుతుంది. అంతే. మా డైరెక్టరుగారు ఒక్క క్షణంలో కోసిపారేసే దృశ్యం అది. ఫిల్ము అంతా అయిపోతోందని నాలో నేను కంగారుపడుతూనే ఆమె ముఖం చూశాను. ఆపమని అనబుద్ధి కాలేదు.

ఇక మాటలు. దానికి మావయ్యగారు కావాలి. ఆయన నుదుటి మీద విబూది చెరగనివ్వని మనిషి, చాదస్తం ఎక్కువ. ఏమంటారో అనుకుంటూనే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు టేపు మిషను తుడుచుకుని, "పక్కింటి కోళ్ళ గోల వినపడుతుంది, కిటికీలకి దుప్పట్లు కట్టు" అన్నారు. ఒక్కొక్కళ్ళనీ విడిగా కూర్చోబెట్టి, ఇంకొకరి గురించి చెప్పమన్నారు.

"అన్నం తింటూ పుస్తకం చదువుతుందండీ" అని సిస్టరమ్మ చెప్పింది. "పిలిస్తే ఊఁ అంటుంది. వినదు. మొదట్లో టైఫాయిడుతో బందరు ఆసుపత్రికి వచ్చింది, అప్పుడు నా డ్యూటీ. జ్వరంలో కూడా నేనేదంటే దానికి ఊఁ అనేది. సరే, ఊఁ అంది కదా అని నేనుండిపోయాను."

"స్పిరిటు వాసన" అని పంతులమ్మ చెప్పింది. "చేతులు ఎంత కడుక్కున్నా పోదు. ఆవిడ లంకల్లో ఉండిపోయిన రోజు ఇంట్లో ఆ వాసన ఉండదు. నాకు పాఠం చెప్పడం రాదు ఆ మర్నాడు. అరుస్తాను పిల్లల మీద." చివరికి, "ఆవిడ నా మనిషి" అంది.

తీగలు చుట్టుకుంటూ మావయ్యగారు నాతో అన్నారు: "అమ్మడూ, మీ అత్తయ్యా నేనూ ఇన్నేళ్ళు కాపురం చేశాం. ఒకళ్ళ గురించి ఒకళ్ళని ఇట్లా చెప్పమంటే మాకు ఐదు నిమిషాలు రాదు."

మద్రాసులో ఫిల్ము కడిగించాం. నా ముక్కల డబ్బా మీద విడిగా రాసి ఇచ్చినా, లాబ్ వాళ్ళు ఒకే యూనిట్‌ది కదా అని అన్నిటినీ కలిపి ఒకే రీలుగా అతికేశారు. ఆ సంగతి నాకు ప్రొజెక్షన్ గదిలో తెలిసింది. డైరెక్టరుగారి పక్కన ప్రభుత్వ ఆఫీసరు కూర్చుని ఉన్నారు. పడవలు, పురిటి గుడిసెలు, తూకం వేసే పసిపిల్లలు అయిపోయాయి. హఠాత్తుగా తెర మీద పంతులమ్మ మెడ, ఆ చెవి. ఆమె ఇటు తిరిగి, కెమెరా కేసి, అంటే సిస్టరమ్మ కేసి, నవ్వింది. ఆ నవ్వు పరాయివాళ్ళ ముందు నవ్వేది కాదు.

లైట్లు వేశారు. ఆఫీసరు ముఖం వెలిగిపోతోంది.

"అద్భుతమండీ! ఎంత సహజంగా ఉంది! ఆ రెండో ఆవిడ ఎవరు, నర్సు గారి చెల్లెలా?"

నేను నోరు తెరిచేలోపే డైరెక్టరుగారు, "అవునండీ, చెల్లెలే" అనేశారు.

"అయితే ఇవన్నీ ఉంచండి. 'విధి నిర్వహణలో అలసిన అక్కకు చెల్లెలి సేవ' అని వెనక నుంచి వ్యాఖ్యానం చెప్పించండి. ప్రతి తాలూకాలోనూ చూపిద్దాం."

ఆయన వెళ్ళాక అసలు సంగతి డైరెక్టరుగారికి చెప్పాను. ఆయన లేచి తలుపు వేశారు. తర్వాత, "చెల్లెలంటే వాళ్ళకే రక్షణ కదా. మంచిగానే చూపిస్తున్నాం కదా" అన్నారు.

"మనం మంచిగా చూపిస్తున్నది వాళ్ళని కాదు సార్."

"నీకు ఉద్యోగం అక్కర్లేదా?"

"కావాలి. అయినా వాళ్ళని అడగకుండా ఇందులోంచి ఒక్క ముక్క కూడా వెళ్ళదు. ఆ ఫిల్ము నాది."

ఆ మాట అంత గట్టిగా ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. చిన్న ప్రొజెక్టరూ, టేపు మిషనూ, ఆ రీలూ తీసుకుని రైలెక్కాను. బందరులో దిగి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళే బస్సు పట్టుకున్నాను.

మధ్యాహ్నం తలుపులూ కిటికీలూ వేసి, సున్నం కొట్టిన గోడ మీద బొమ్మ పడేలా ప్రొజెక్టరు పెట్టాను. టేపు కూడా పక్కనే తిప్పాను. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. గోడ మీద తాను నిద్రపోతుంటే చూసి సిస్టరమ్మ, "అయ్యో, నోరు తెరుచుకుని పడుకున్నానే! కాస్త లేపొచ్చు కదే!" అని అరిచింది. పంతులమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. సినిమా అయిపోయాక ఆఫీసరు అన్నదంతా చెప్పాను.

సిస్టరమ్మ మొదట మాట్లాడింది. "పోనీలే. చెల్లెలనుకుంటే అనుకోనీ. ఎవడూ నోరెత్తడు. నీ ఉద్యోగానికి కూడా మంచిదే కదే. ఈ అమ్మాయి పనీ నిలబడుతుంది."

మొహం పడకూడదని పోట్లాడిన మనిషి పంతులమ్మ. ఆమె ఒప్పుకుంటుందనే నేను అనుకున్నాను. తల అడ్డంగా ఊపింది.

"ఊరంతా నిన్ను సిస్టరమ్మ అంటారు. నేను ఎప్పుడైనా అన్నానా?"

సిస్టరమ్మ ఆమె వైపు తిరిగి కూర్చుంది.

"అక్కాచెల్లెళ్ళా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకున్నాను. ఏమీ చెప్పలేదు. అలా ఊరుకోవడం నా ఇష్టం. కానీ నా నోటితో నిన్ను అక్కా అని ఒక్కసారి కూడా అనలేదు. నేను అనని మాట ఆ సినిమావాళ్ళు నా తరపున ఎందుకు అనాలి? నేను నీ చెల్లెల్ని కాను." నావైపు తిరిగింది. "వద్దని చెప్పమ్మా. నీకు ఇబ్బంది అవుతుందని తెలుసు. అయినా వద్దనే చెప్పు."

సిస్టరమ్మ లేచి వెళ్ళి పెరట్లో నిలబడింది. కాసేపటికి పంతులమ్మ కూడా వెళ్ళి పక్కన నిలబడింది. నేను రీలు చుట్టుకుంటూ, అటు చూడలేదు.

మద్రాసు వెళ్ళి వాళ్ళ మాట చెప్పాను. డైరెక్టరుగారు బల్ల మీద చెయ్యి కొట్టారు. "ఆఫీసరుకి ఏం చెప్పమంటావు? ఆవిడ ఎవరని చెప్పమంటావు?"

"డాక్యుమెంటరీ అంటే నిజం అని మీరే అన్నారు సార్. నిజం చెప్పే వీలుంటే ఉంచండి. లేకపోతే తీసెయ్యండి."

మూల కూర్చున్న మావయ్యగారు లేచారు. ఎవరూ అడక్కుండానే టేపు ఎక్కించి, బొమ్మ కూడా వెయ్యమన్నారు. డైరెక్టరుగారు మొదటిసారి మాటతో కలిపి చూశారు. స్పిరిటు వాసన అనే మాట వచ్చింది. తెర మీద సిస్టరమ్మ నిద్రపోతోంది. ఈగ వాలింది. "ఆవిడ నా మనిషి" అనే మాట దగ్గర ఆయన కళ్ళజోడు తీసేశారు. అయిపోయాక ఇంకోసారి వెయ్యమన్నారు.

"ఇది పదిమందికి చూపించాల్సిన సినిమా" అన్నారు చివరికి.

"వాళ్ళు అడగలేదు సార్."

ఆయన తనే రీలు విప్పి, నెగెటివుతో సహా డబ్బాలో పెట్టి, నా చేతికిచ్చారు. ఆఫీసరుకి ఫోను చేసి, తన అజాగ్రత్త వల్ల ఆ భాగం నెగెటివు పాడైపోయిందని చెప్పారు. నిజం నిజం అని రోజూ పాఠం చెప్పిన మనిషి ఆడిన అబద్ధం అది. నాకు ఆయన మీద గౌరవం ఆ రోజునుంచే. ఆ తర్వాత ఆ ఆఫీసరు మా కంపెనీకి ఇంకో సినిమా ఇవ్వలేదు. డైరెక్టరుగారు ఆ మాట ఎప్పుడూ నా మొహాన అనలేదు. నా ఉద్యోగం పోలేదు. నర్సు సినిమా నాగాయలంక రేవులో పడవ మీద ముగిసింది. ఊరూరా ఆడింది, బాగానే ఉందన్నారు.

రీలు తీసుకెళ్ళి ఇస్తే సిస్టరమ్మ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని దీపం ముందు పెట్టి చూడాలా ఏంటి?" అంది. వాళ్ళకి ప్రొజెక్టరు ఎక్కడిది? అందుకని నేను బందరు వచ్చినప్పుడల్లా ప్రొజెక్టరు మోసుకుని అవనిగడ్డ వెళ్ళేదాన్ని. అదొక అలవాటైపోయింది. మధ్యాహ్నం భోజనం, తలుపులు వెయ్యడం, సినిమా. వాళ్ళు ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారు. పంతులమ్మ హెడ్‌మిస్ట్రెస్ అయింది. సిస్టరమ్మ ప్రతిసారీ నోరు తెరిచి పడుకున్న చోట అరిచేది.

సిస్టరమ్మ పోయిన చాలా నెలలకి పంతులమ్మ నన్ను రమ్మంది. ప్రొజెక్టరు తెమ్మంది. భోజనం కాగానే తలుపులు తనే వేసింది. సిస్టరమ్మని చూసుకోవాలని ఉంటుంది కదా అనుకుని, నిద్రపోతున్న భాగం ముందు వచ్చేలా రీలు సిద్ధం చేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను తీసింది కాదు. తను తీసింది వెయ్యమ్మా."

"అందులో అంతా మీరే కదండీ."

"వెయ్యి."

వేశాను. గోడ మీద ఒక మెడ, ఒక చెవి, వెంట్రుకలు. నేను ఎన్నోసార్లు చూసిందే. కానీ ఆ రోజు పంతులమ్మ గోడకి దగ్గరగా వెళ్ళి నిలబడి, బొమ్మ అంచు మీద వేలు పెట్టింది. అప్పుడు చూశాను. బొమ్మ స్థిరంగా లేదు. కెమెరా పట్టిన మనిషి ఊపిరి తీసుకున్నప్పుడల్లా అంతా కొద్దిగా పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతోంది. వృత్తిలో నేను జీవితమంతా తప్పని లెక్కేసిన కదలిక.

పంతులమ్మ వెనక్కి తిరక్కుండా, "ఇదిగో, ఇక్కడుంది" అంది.